తెనాలి నీళ్ళతో దిల్‌సుఖ్‌నగర్‌కు

దేవుడు హైదరాబాదులో కూడా నీళ్ళు పెట్టాడన్న సంగతి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తట్టలేదు. తట్టి ఉంటే, తెలంగాణ అంతా భగ్గుమంటున్న ఆ వేసవిలో, షర్బత్ సీసాడు నీళ్ళు బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని బెజవాడలో బస్సెక్కి ఉండేవాణ్ణి కాదు. నేను తెలుగు పండితుణ్ణి. నీళ్ళకు ఉన్న పర్యాయపదాలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అవన్నీ కొళాయి తిప్పితే వస్తాయని మాత్రం తోచలేదు.

మా చెల్లెలు సలోమిని నల్గొండ జిల్లా కుర్రాడు దావీదుకు ఇచ్చాం. దావీదు లారీల మెకానిక్కు. దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయి గదిలో కాపురం. రెండూ క్రైస్తవ కుటుంబాలే కదా అని పెళ్ళిలో ఇంకేమీ విచారించలేదు. విచారించవలసింది నీళ్ళ సంగతి. మా సంఘంలో పసిబిడ్డను గుడికి తీసుకుపోతే, అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేర మూడుసార్లు తల మీద నీళ్ళు పోస్తారు. దానితో బిడ్డకు బాప్తిస్మం అయినట్టు, బిడ్డ దేవుడి ఇంటి మనిషి అయినట్టు. దావీదు సంఘంలో పసివాళ్ళకు నీళ్ళు లేవు. మనిషి పెరిగి, నమ్ముతున్నానని తన నోటితో చెప్పి, నిండా మునగాలి. మావి చెంబు నీళ్ళు, వాళ్ళవి బావి నీళ్ళు.

సలోమికి నెల తక్కువగా ఆడపిల్ల పుట్టింది. మా ఊరి బియ్యం లారీ డ్రైవరు చేత చెల్లెలు కబురు పంపింది: "పాప పాలు సరిగా తాగడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఏమన్నా అయితే నీళ్ళు పడకుండానే పోతుంది. అన్నయ్యను రమ్మను."

మా అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పాదిరి దగ్గర లేకపోతే, బాప్తిస్మం పొందిన ఏ క్రైస్తవుడైనా ఇవ్వవచ్చన్నారాయన. ఏ నీళ్ళయినా సరేనని కూడా అన్నారట. ఆ ముక్క నా చెవిన పడలేదు. నాకూ, చెల్లెలికీ, మా నాన్నకీ నీళ్ళు పోసిన గుళ్ళోని రాతి తొట్టి దగ్గరికి పోయి సీసా నింపుకుని బెండు బిగించాను.

బెజవాడ

"నోరు తెరవకుండా వెళ్ళి, నోరు తెరవకుండా రండి" అని మా హెడ్మాస్టరు గారు హెచ్చరించి పంపారు. మా ఆంధ్రావాళ్ళు వచ్చి తమ ఉద్యోగాలు తీసుకుంటున్నారని తెలంగాణ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ముల్కీకే, అంటే ఆ గడ్డ మీదివాడికే, నౌకరీ అని గోడల మీద రాతలు. ఏ రైలు ఎక్కడ ఆగుతుందో, ఏ రోజు బందో ఎవరికీ తెలియదు. పేపరులో చదివితే అది వార్త. అదే చోటికి టికెట్టు కొనుక్కున్నాక కడుపులో నొప్పి.

కండక్టరు సూర్యాపేట మనిషి. నా ఒళ్ళో సీసా వైపు చూసి అడిగాడు.

"ఏంది సార్ అది?"

"నీళ్ళు."

"దూపైతదనా?"

"కాదు."

"మందా?"

"కాదు."

"మరేంది?"

"నీళ్ళే."

అతను నాకు టికెట్టు కొట్టి, పక్కాయనతో మాట్లాడవలసినదానికంటే మెల్లగా ఏదో మాట్లాడాడు.

సూర్యాపేట

టీ మా దగ్గర పాలలో ఆకు చూపించినట్టు ఉంటుంది. ఇక్కడ ఆకులో పాలు చూపిస్తారు. పదిహేను పైసలు తీసుకున్నాడు, మా ఊరికంటే ఎక్కువే కానీ గుండె నిలబడింది. నిలబడవలసిన అవసరమూ ఉంది. బంకు వెనక గోడ మీద నాలాంటివాళ్ళను ఇంటికి పొమ్మని రాసి ఉంది. అక్షరదోషాలు లేవు. దిద్దడానికి ఏమీ లేని రాత చూస్తే పండితుడికి ఇంకా భయం.

టీ బంకు ఆసామి నన్ను కాసేపు చూసి, "యాడికి సారూ?" అన్నాడు. చెల్లెలి బిడ్డకు జబ్బని చెప్పాను.

"సీస సంచిల వెట్టుకో. చేతుల వట్టుకుంటె పెట్రోల్ అనుకుంటరు. దినాలు మంచిగ లేవు."

మంచి మాట. విన్నాను. సంచిలో పెట్టాను. చిట్యాల దాటేసరికి బెండు కారి, నా రెండో పంచెకు పూర్తిగా బాప్తిస్మం అయింది. బెండు మళ్ళీ బిగించి సీసాను ఒళ్ళోకే తెచ్చుకున్నాను. నాకు మంచి మాటలు ఎంత దూరం పనిచేస్తాయో ఆ దూరమే పనిచేశాయి.

అబ్దుల్లాపూర్‌మెట్

ఊరు ఇంకా రాకముందే పొగ కనబడింది. రోడ్డుకు అడ్డంగా బండరాళ్ళు, కాలుతున్న టైరు, ఓ యాభై మంది కుర్రాళ్ళు. నా క్లాసులో వెనక బల్లల మీద కూర్చునేవాళ్ళ వయసే. కానీ ఇక్కడ వెనక బల్ల మీద ఉన్నది నేను.

కళ్ళద్దాల కుర్రాడు ఒకడు బస్సెక్కి సీటు సీటూ చూస్తూ నా దగ్గర ఆగాడు.

"ఏవూరన్నా మీది?"

"తెనాలి" అన్నాను. అబద్ధం చెబుదామా అని ఆలోచించేలోపే నోరు నిజం చెప్పేసింది. ధైర్యం అనుకోకండి. అబద్ధానికి సాధన కావాలి.

"హైదరాబాద్‌ల నౌకరీయా?"

"కాదండి, నా ఉద్యోగం మా ఊళ్ళోనే. మా చెల్లెలి పాపకు ఒంట్లో బాగాలేదు."

"గా సీసల పెట్రోలా?"

"నీళ్ళండి."

"నీళ్ళకు గింత బందోబస్తా? తాగు మరి."

"ఇవి తాగే నీళ్ళు కావండి" అన్నాను.

ఆ ఏడాది మొత్తం మీద నేను అన్న అతి తెలివితక్కువ మాట అది. కిటికీల బయట నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి ఎక్కారు. "తాగే నీళ్ళు గాకుంటె ఏం నీళ్ళు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. బాప్తిస్మపు నీళ్ళని చెబితే నమ్మరు, నమ్మితే నవ్వుతారు, ఏదీ చెప్పకపోతే కొడతారు. బెండు లాగి ఎత్తి పట్టుకుని తాగాను. పంటి కింద తొట్టిలోని పాచి తగిలింది. మా ఊరి పసిపిల్లలందరూ గుర్తుకు వచ్చారు. ఆపితే అనుమానిస్తారేమోనని భయంతో ఆపకుండా తాగుతూనే ఉన్నాను.

కళ్ళద్దాల కుర్రాడే చెయ్యి పట్టుకుని ఆపాడు. "చాలు చాలు, కడుపు పల్గుతది." సీసా వాసన చూసి తిరిగి ఇచ్చాడు. "మా అన్న డిగ్రీ అయ్యి ఇంట్ల కూసున్నడు. మీవోళ్ళొచ్చి కుర్సీల కూసున్నరు. నీ మీద కోపం గాదు, నువ్వు మీ ఊర్లనే కొల్వు చేస్తున్నవ్. ఒక్కపారి జై తెలంగాణ అను, పో."

అన్నాను. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడా తప్పకుండా, గొంతు సవరించుకుని మరీ అన్నాను. బస్సు బస్సంతా నవ్వింది.

"రేడియోల వార్తలు చదివినట్టున్నది" అన్నాడు ఆ కుర్రాడు. దిగబోతూ వెనక్కి తిరిగి, "చెల్లె బిడ్డెకు నయమైతదిలే" అన్నాడు.

బస్సు మాత్రం కదలనివ్వలేదు. పొద్దు వాలాక ఒక ఇటుకల లారీ డ్రైవరు దయతలిచాడు. ట్రంకుతో సహా ఇటుకల మీద కూర్చుని, నా ఒంటి రంగు ఎర్రగా మారుతుండగా హైదరాబాదు తూర్పు వాకిట్లోకి ప్రవేశించాను. సీసాలో సగమే మిగిలింది.

దిల్‌సుఖ్‌నగర్

మా ఊళ్ళో ద్రాక్షపండు జబ్బుపడ్డవాళ్ళకు కొంటారు. వాడిపోయిన గుత్తి, కాగితం పొట్లం, పక్కన దిగులు ముఖం. ఇక్కడ రోడ్డుకు రెండు వైపులా ద్రాక్ష పందిళ్ళే. ఉసిరికాయలంత పళ్ళు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఇంటికి తీసుకుపోదామని పందిరి దగ్గరే ఒక కిలో కొన్నాను. బెజవాడలో ఆ డబ్బుకు రెండు గుప్పిళ్ళు కూడా రావు. వాటిని చూస్తే ఏ చింతా లేని ఊరనిపిస్తుంది. దుకాణాల మూసిన తలుపులు చూస్తే ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

సలోమి గుమ్మంలోనే ఉంది. పాపను నా చేతుల్లో పెట్టింది. ముంజేతి మీద పట్టేంత బిడ్డ. గుడ్డలోంచి వేడి నా చేతికి తగిలింది.

"నీళ్ళు తెచ్చావా అన్నయ్యా?"

సీసా చూపించాను.

"సగమేనా?"

"సగం తాగాను."

జరిగింది చెప్పాను. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది.

దావీదు మంచివాడు. నన్ను బయటికి పిలిచి, సైకిలు తుడుస్తున్నట్టు నటిస్తూ, నా ముఖం చూడకుండా చెప్పాడు. "బావా, నువ్వొచ్చినవ్, పానం కుదుటవడ్డది. ఒక్కటి అడుగుత. బిడ్డె మీద నువ్వు నీళ్ళు పొయ్యకు. మా తాత కాలం నుంచి మేం గీ సంఘమే. రేపు తెలిస్తె నా ముఖం ఎక్కడ వెట్టుకోవాలె?"

పోయనని మాట ఇచ్చాను. లోపలికి వెళ్ళాక సలోమి, "పాపకు మరీ ఎక్కువైతే ఆలస్యం చెయ్యకు అన్నయ్యా" అంది. చెయ్యనని మాట ఇచ్చాను. ఇద్దరికీ మాట ఇచ్చినవాడికి నిద్ర ఎవరూ ఇవ్వరు.

ఆ రాత్రే వాళ్ళ సంఘ పెద్ద ప్రార్థన చెయ్యడానికి వచ్చాడు. పొడుగాటి ముసలాయన, తలకు ఎర్ర రుమాలు, పక్క ద్రాక్షతోటకు కాపలా. పేరు యోనా. చేప కడుపులో మునిగి తేలిన ప్రవక్త పేరు పెట్టుకున్నవాడు మునక గురించి రాజీపడతాడని నేనెందుకు ఆశపడ్డానో తెలియదు. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థించాడు. కళ్ళు తెరిచి నా సీసాను చూశాడు.

"గదేనా పంతులు, నువ్వు తెచ్చిన ముద్ర?"

"మా నమ్మకం అది పెద్దయ్యా. బిడ్డ నమ్మేదాకా దేవుడు ఆగడు. ముందు ఆయనే పిలుస్తాడు. నీళ్ళు ఆ పిలుపు."

"మంచిగ చెప్పినవ్. గాని పసిపోరి ఆయన చేతులకెల్లే గదా ఒచ్చింది. దాన్ని గుర్తువట్టనీకె ఆయనకు నీళ్ళు గావాల్నా? రేషన్ కార్డు లేదని ఎల్లగొడ్తడా?"

నాకంటే ముందు సలోమి అందుకుంది. "దేవుడికి తెలుసు పెద్దయ్యా. ఆయన గురించి నాకు బెంగ లేదు. నాకు తెలియాలి కదా."

యోనా లేచాడు. రుమాలు విప్పి మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు. మేం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాం. మా ఊళ్ళో పులుసును మరిగించి మరిగించి చంపుతాం. వీళ్ళు పచ్చిగానే వడ్డిస్తారు. బాగుంది. పాప ఏడ్చినప్పుడల్లా ముద్ద ఆగింది, ఏడవనప్పుడు ఇంకా ఎక్కువసేపు ఆగింది.

వెనక చాప

ఆదివారం ద్రాక్షతోటలో రేకుల కొట్టంలో ఆరాధన. చెప్పులు బయట, కుర్చీలు లేవు, కంజీరతో పాటలు. మా గుళ్ళో ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె తిని ద్రాక్షరసం తాగడం, నెలకొకసారి. వీళ్ళకు ప్రతి ఆదివారం రొట్టె విరవడమే. మేం ఎండుద్రాక్ష నానబెట్టి పిండుతాం. వీళ్ళు ఆ తోట పండ్ల రసమే గిన్నెలో పోస్తారు. ఆ వాసనకే నాకు ఆకలి వేసింది. ఆకలి ఆత్మదో పొట్టదో చెప్పలేను.

ముందు చాపల మీద మునిగినవాళ్ళు, వెనక చాప మీద మునగనివాళ్ళు. ఈ పద్ధతి నాకు తెలియక ముందు కూర్చోబోతే దావీదు మెల్లగా చొక్కా పట్టి లాగాడు. వెనక చాప మీద నాకు కుడివైపు ముక్కు కారుతున్న పిల్లలు, ఎడమవైపు పాటలు వినడానికి వచ్చిన పక్కింటి హిందువు ఒకాయన. ఆయన నాకు జాగా ఇస్తూ, "మీరు గూడ కొత్తనా?" అన్నాడు. మా నాన్న కాలం నుంచి క్రైస్తవులమని చెప్పడానికి సిగ్గేసింది.

రొట్టె పళ్ళెం చేతులు మారుతూ మా వరుస దాకా వచ్చింది. నేను చెయ్యి చాపాను. యోనా వంగి, కసురుకోకుండా, దెబ్బ తగిలిన చోటు దాటినట్టు జాగ్రత్తగా, పళ్ళేన్ని నా మీదుగా ఎత్తి ముందు చాపలకు ఇచ్చాడు. చాపిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాను. ఊళ్ళోవాళ్ళకు నేను ముల్కీ కాను, గుళ్ళోవాళ్ళకు మునక కాను.

బయటికి వచ్చాక ఆయన భార్య రాహేలవ్వ నా చేతిలో పెద్ద గుత్తి పెట్టింది. "ఇది బల్ల మీదిది గాదు బిడ్డా, తోటది. దీనికి అడ్డం లేదు, తిను."

యోనా నవ్వుతూ బావి వైపు చూపించాడు. "నీళ్ళు మస్తుగున్నయ్ పంతులు. ఒక్క మునక. ఒచ్చే ఐతారం రొట్టె నీదే."

"మా నాన్న నన్ను చేతుల్లో పట్టుకున్నప్పుడు నా మీద పడిన నీళ్ళు చాలవని ఒప్పుకుంటే తప్ప మునగలేను పెద్దయ్యా" అన్నాను. ఈత రాదన్న సంగతి చెప్పలేదు. ఆయన నవ్వడం మానేసి తల ఊపాడు. ఆ తరువాత ఆ మాట ఎత్తలేదు.

మూసారాంబాగ్ వంతెన

మంగళవారం బందు. పొద్దున పాప పాలు పూర్తిగా మానేసింది. మలక్‌పేటలో డాక్టరును పిలుచుకొస్తానని దావీదు సైకిలు మీద పోయాడు. ఎండ నడినెత్తికి వచ్చినా తిరిగి రాలేదు. పాప ఏడుపు పిల్లికూత అంత అయింది, తరువాత అదీ లేదు. సలోమి నన్ను చూసింది. నేను సీసా తీశాను. బెండు ఊడి రాలేదు. దావీదుకు ఇచ్చిన మాట, చెల్లెలికి ఇచ్చిన మాట, రెండూ ఆ బెండులోనే బిగుసుకున్నాయి.

అంతలో యోనా తలుపు తోసుకుని వచ్చాడు. పాప ముఖం చూశాడు. "దవాఖానకు పోదాం, లేవుండ్రి. తోటల పండ్ల రిక్షా ఉన్నది." బుట్టలు మోసే రిక్షా అది. సలోమి పాపతో ఎక్కింది. యోనా తొక్కాడు. నేను సీసా పట్టుకుని వెనక తోస్తూ పరుగెత్తాను.

"వంతెన కాడ పోరగాండ్లుంటరు" అన్నాడు యోనా తొక్కుతూనే. "నోరు తెర్వకు పంతులు. నువ్వు నోరు తెరిస్తె గుంటూరు జిల్లా వడ్తది."

మాటలు అమ్ముకుని బతికేవాణ్ణి నోరు కట్టుకుని నడిచాను. మూసీ వంతెన ముందు తాడు కట్టి ఉంది. కర్రలు పట్టుకున్నవాళ్ళు రిక్షా చుట్టూ మూగారు. అవ్వాళ ఉదయం అక్కడ లాఠీలు లేచాయట. ఒకడి తలకు కట్టు, కట్టు మీద ఎర్ర మరక. అబ్దుల్లాపూర్‌మెట్ కుర్రాళ్ళలా నవ్వేవాళ్ళు కారు.

"పసిబిడ్డె, పానం మీదున్నది" అన్నాడు యోనా.

"బిడ్డె పోవచ్చు, తల్లి పోవచ్చు. గీయనెవరు?"

నా పంచెకట్టు చూశాడు. నా ముఖం చూశాడు. "ఏమన్నా, మాట్లాడవేంది?"

నేను నోరు మూసుకున్నాను. పంచెకట్టు మాత్రం గుంటూరు జిల్లా యాసలో మాట్లాడుతూనే ఉంది. తలకు కట్టున్నవాడు నా చొక్కా పట్టుకున్నాడు. యోనా రిక్షా దిగాడు. ఆయన అబద్ధం ఆడడని నాకు తెలుసు. అందుకే నా పని అయిపోయిందనుకున్నాను.

"మా సంఘపోడు" అన్నాడు.

"ఏం సంఘం?"

"దేవుని సంఘం. నేను దానికి పెద్దను. ఆయన మీద చెయ్యి వేస్తె నా మీద వేసినట్టు. దిల్‌సుఖ్‌నగర్ ద్రాక్షతోటల యోనా అని అడుగు, అందరికెరుకే. ఇగ తాడు తియ్యి, బిడ్డె మాడుతున్నది."

వాడు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. చొక్కా వదిలాడు. తాడు దిగింది.

వంతెన అవతల ఊపిరి తిరిగాక అడిగాను. "ఆదివారం కానివాణ్ణి మంగళవారం ఎలా అయ్యాను పెద్దయ్యా?"

ఆయన తొక్కడం ఆపలేదు. "బల్ల నాది గాదు. దాని నియమం నేను వెట్టలే. వాడు నువ్వెవరివని అడిగిండు. అది నాకెరుకున్న మాట, చెప్పిన. జర గట్టిగ తొయ్యి, ఎత్తు ఉన్నది."

దవాఖాన వరండా

లోపల మంచాలు నిండిపోయాయి. వరండాలో చాప వేసి, పాపకు సూది వేసి, నర్సమ్మ చెప్పింది. "జరం దిగాలె. తడిగుడ్డతోని తుడుస్తనే ఉండుండ్రి." కొళాయి తిప్పితే గాలి వచ్చింది. బందు రోజు. నీళ్ళ కోసం పోయిన ఆయా ఇంకా రాలేదు.

యోనా తన ఎర్ర రుమాలు విప్పి, కొస చింపాడు. నా వైపు చెయ్యి చాపాడు.

"సీస తే పంతులు."

ఇచ్చాను. బెండు ఆయన చేతిలో ఇట్టే వచ్చింది. గుడ్డ తడిపి, పిండకుండానే, పాప నుదుటి మీద పెట్టాడు. నీళ్ళు జారి చిన్న తల వెనక్కి కారాయి. పక్కన సలోమి పెదవులు కదిలాయి. తండ్రి యొక్కయు, అని నాకు వినబడింది. యోనాకు కూడా వినబడింది. ఆయన చెయ్యి ఆగింది. ఆ చెయ్యి మళ్ళీ సీసా దగ్గరికి పోయి, గుడ్డ తడుపుకుని, తలమీదికి వచ్చింది. కుమారుని యొక్కయు. ఇంకొకసారి. పరిశుద్ధాత్మ యొక్కయు. ఆ తరువాత కూడా తుడుస్తూనే ఉన్నాడు, ఎవరూ ఏమీ అననట్టు.

అది బాప్తిస్మమా, తడిగుడ్డా? పేర్లు మా చెల్లెలివి, నీళ్ళు మా ఊరివి, చెయ్యి వాళ్ళ పెద్దది. నేను మాత్రం దావీదుకు ఇచ్చిన మాట తప్పలేదు. ఒక్క చుక్క కూడా పోయలేదు. ఇలా మాట నిలబెట్టుకోవడం నాకు అలవాటు కాదు.

పొద్దు వాలేవేళకు దావీదు వచ్చాడు. మలక్‌పేటలో డాక్టరు దొరక్క ఏరు దాటితే, తిరిగి పోనివ్వకుండా పోలీసులు వంతెన ఇవతలే ఆపేశారట. మా రిక్షా దవాఖానకు పోయిందని అక్కడే ఎవరో చెప్పారట. సైకిలు లేదు, చొక్కా చిరిగింది. వచ్చి పాప నుదురు ముట్టుకున్నాడు. తడిగా ఉంది, చల్లగా ఉంది. సీసాను చూశాడు, నన్ను చూశాడు.

"నేను కాదు దావీదూ" అన్నాను.

"నర్సమ్మ తుడ్వుమన్నది, నేను తుడిచిన" అన్నాడు యోనా.

దావీదు పాప పక్కన చాప మీద కూలబడ్డాడు. పాప కళ్ళు తెరిచి, మా అందరి మీద కోపంగా, పాల కోసం ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను వినలేదు.

ఎల్.బి. నగర్ దగ్గర

ఆ తరువాతి ఆదివారం యోనా పాపను ఎత్తుకుని కొట్టం నడిమధ్య నిలబడి, రూతు అని పేరు పెట్టి, దేవునికి అప్పగిస్తూ ప్రార్థించాడు. నీళ్ళు లేవు. సలోమి ముఖంలో బెంగ లేదు. అందరూ నా వైపు చూసి ఆప్యాయంగా నవ్వారు. సరే, ఇక ఏముందిలే అనుకుని, పళ్ళెం వచ్చేసరికి ధైర్యంగా చెయ్యి చాపాను. వంతెన మీద నన్ను తన సంఘపువాడన్న యోనా, కళ్ళలో అదే ప్రేమతో, పళ్ళేన్ని మళ్ళీ నా మీదుగా ఎత్తి ముందు చాపలకు ఇచ్చాడు. పక్కింటి హిందువు నా మోకాలు తట్టి, "ఒచ్చేవారం చూద్దాంలెండి" అన్నాడు.

బస్సులు మళ్ళీ తిరుగుతున్నాయని తెలిసిన రోజున యోనా నా ట్రంకు మోస్తూ రోడ్డు దాకా వచ్చాడు. ఎల్.బి. నగర్ అని కొత్తగా పిలుస్తున్న ఆ చోట అప్పటికి చెప్పుకోదగ్గది ఎండ ఒక్కటే. రాళ్ళు, సీతాఫలం పొదలు, దూరంగా ఒక తారు డ్రమ్ము. నీడ కోసం చూస్తే మా నీడలే కాళ్ళ కింద దాక్కున్నాయి. బస్సు రాలేదు. వస్తుందో, దారిలో మళ్ళీ ఆపుతారో తెలియదు.

యోనా ట్రంకు మీద కూర్చుని, చిరిగిన రుమాలు విప్పాడు. నున్నటి బట్టతల, చెమటతో మెరుస్తోంది.

"నీళ్ళున్నయా పంతులు?"

సీసా అడుగున గుక్కెడు మిగిలాయి. ఆయన దోసిలి పట్టాడు. కొంచెం పోశాను. తాగాడు. మూతి తుడుచుకుని తల వంచాడు.

"నెత్తి మీద గూడ జర పొయ్యి. మాడుతున్నది."

ఆయనే అడిగాడు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ముఖ్యంగా మా అయ్యగారు. మా సంఘం లెక్కలో కూడా మునిగినవాడు బాప్తిస్మం అయినవాడే. రెండోసారి ఇవ్వడం తప్పు. అందుకని నేను ఏ పేరూ పలకలేదు. కానీ ఉన్న నీళ్ళను ఒక్కసారిగా కుమ్మరించకుండా ఆ బట్టతల మీద కొంచెం పోసి ఆపాను. మళ్ళీ కొంచెం పోసి ఆపాను. మూడోసారి ఆఖరి చుక్కదాకా పోశాను.

"సల్లగున్నది" అన్నాడాయన, కళ్ళు మూసుకుని.

బస్సు వచ్చింది. ఆయన ట్రంకు అందిస్తే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలేదాకా ఆగాను.

"మా ఊరు రండి పెద్దయ్యా" అని అరిచాను. "మా బల్ల దగ్గర మీకు ఇక ఏ అడ్డమూ లేదు. మూడుసార్లు పోశాను."

ఆయనకు అర్థం కావడానికి నాలుగు చక్రాలు తిరిగేంత సేపు పట్టింది. చెయ్యెత్తి తల తడుముకున్నాడు. రుమాలు రెండో చేతిలోనే ఉంది. తుడుచుకోలేదు.